పాస్‌వర్డు – టోకెను

హైదరాబాదు నగరాన్ని చుట్టి ఉన్న ఔటర్ రింగు రోడ్డు పొడవు సుమారు 158 కిలోమీటర్లు. రంగారెడ్డి జిల్లాలోని రావిర్యాల వద్ద ఆ రోడ్డు ఎక్కడానికి, దిగడానికి ఒక ద్వారం ఉన్నది. అది 13వ నంబరు ద్వారం. దానికి ఒక ప్రక్క బొంగులూరు 12వది, రెండవ ప్రక్క తుక్కుగూడ 14వది. ఈ రోడ్డు మీద ప్రయాణం చేసినంత దూరానికే సుంకం చెల్లించాలి. అయితే శామీర్‌పేటలో దిగుతున్న ఒక లారీ రావిర్యాలలో ఎక్కిందో, అంతకంటె దగ్గరగా పెద్ద అంబర్‌పేటలో ఎక్కిందో శామీర్‌పేట గుమాస్తాకు ఎట్లా తెలియాలి?

ఫాస్టాగు వ్యాప్తిలోకి రాకముందు ఇందుకు ఒక సులభమైన ఏర్పాటు ఉండేది. రోడ్డు ఎక్కేటప్పుడు డ్రైవరు చేతికి ఒక కార్డు ఇచ్చేవారు. ఏ ద్వారంలో ఎక్కినదీ ఆ కార్డులో నమోదై ఉండేది. దిగే చోట కార్డును తిరిగి తీసుకొని, దూరాన్ని బట్టి సుంకం వసూలు చేసేవారు. డ్రైవరు ప్రమాణం చేయనక్కరలేదు. గుమాస్తా రావిర్యాలకు కబురు పెట్టి విచారించనక్కరలేదు. కార్డే సాక్ష్యం.

నేడు కంప్యూటరులోగాని చేతిఫోనులోగాని వెబ్ సేవలను ఉపయోగించే ప్రతి మనిషీ తనకు తెలియకుండానే ఇటువంటి కార్డు నొకదానిని మోసుకొని తిరుగుతున్నాడు. దానికే టోకెను అని పేరు. పాస్‌వర్డును గురించి అందరికీ తెలుసు. టోకెనును గురించి తెలిసినవారు తక్కువ. కాని పాస్‌వర్డు ఒక్క నిమిషం పని చేస్తే, ఆ తరువాత గంటల తరబడి పని చేసేది టోకెనే.

మరచిపోయే సర్వరు

ఒక ఉన్నత పాఠశాల తన విద్యార్థుల మార్కుల పట్టికలను వెబ్‌లో ఉంచదలచిందని ఊహించుకోవచ్చును. ఉపాధ్యాయులు మార్కులు నమోదు చేయాలి. తల్లిదండ్రులు తమ పిల్లల మార్కులు చూసుకోవాలి. ఇతరులెవ్వరూ చూడకూడదు, మార్చకూడదు. ఈ పట్టికలన్నీ సర్వరు అనే ఒక కంప్యూటరులో ఉంటవి. చూసేవారి ఫోనులోని బ్రౌజరు ఆ సర్వరును అడిగి ఒక్కొక్క పుటను తెప్పించుకుంటుంది.

ఈ ప్రశ్నోత్తరాలు నడిచే నియమావళికి హెచ్‌టీటీపీ అని పేరు. జెనీవా వద్దనున్న సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్‌–లీ 1990 ప్రాంతంలో దీనిని రూపొందించినారు. శాస్త్రజ్ఞులు ఒకరి పత్రాలు మరొకరు చదువుకోవడానికి ఏర్పడిన పద్ధతి కావడం చేత, అడుగుతున్నది ఎవరనే విచారణ అందులో లేదు. పైగా ప్రతి ప్రశ్నా సర్వరుకు కొత్త ప్రశ్నే. క్షణం క్రితం అడిగిన మనిషే మళ్ళీ అడుగుతున్నాడన్న జ్ఞాపకం ఈ నియమావళిలో ఎక్కడా లేదు.

దీనివల్ల వచ్చే చిక్కు ఏమిటి? గణితోపాధ్యాయిని తన పేరు, పాస్‌వర్డు తెలిపి లోపల ప్రవేశించింది. వెంటనే తొమ్మిదవ తరగతి పట్టిక కావాలని అడిగింది. సర్వరు దృష్టిలో ఈ రెండవ ప్రశ్న వేసినవారు ఎవరో అపరిచితులు. ప్రతి పుటకూ పాస్‌వర్డు అడిగితే పని సాగదు. బ్రౌజరే పాస్‌వర్డును దాచుకొని ప్రతిసారీ పంపితే, అంత విలువైన రహస్యం రోజుకు వందసార్లు ప్రయాణం చేయవలసి వస్తుంది.

కనుక లాగిన్ అనే పనిని రెండు ఘట్టాలుగా విభజించినారు. మొదటిది, వచ్చినవారు ఎవరో ఒక్కసారి రుజువు చేసుకొనుట. రెండవది, ఆ రుజువు జరిగిందని తెలిపే చీటీని వెంట ఉంచుకొనుట. ఈ రెంటికీ అవసరమైన జాగ్రత్తలు వేరువేరు.

మొదటి ఘట్టం: పిండి, ఉప్పు

కంప్యూటర్లలో పాస్‌వర్డు వాడకం అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో ఆధ్వర్యంలో నిర్మించిన యంత్రవ్యవస్థతో ప్రచారంలోకి వచ్చింది. ఆ వ్యవస్థను 1961లో మొదటిసారి ప్రదర్శించినారు. ఒకే కంప్యూటరును పలువురు పంచుకొనడం చేత ఎవరి దస్త్రాలు వారికే దక్కడానికి పాస్‌వర్డు అవసరమయింది. పాస్‌వర్డులన్నీ ఒక దస్త్రంలో యథాతథంగా ఉండేవి. 1960ల మధ్యకాలంలో ఒకనాడు రెండు దస్త్రాలు తారుమారై, లోపలికి వచ్చిన ప్రతివారికీ కనిపించవలసిన ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులూ కనిపించినవి! దొంగ ఎవడూ రాలేదు. చిన్న పొరపాటు చాలింది.

ఇందులోని నీతి స్పష్టం. పాస్‌వర్డును సర్వరులో అసలు ఉంచకూడదు. ఉంచకపోతే వచ్చినవారు చెప్పింది సరి అయినదో కాదో ఎట్లా తెలుస్తుంది? బియ్యాన్ని విసిరి పిండి చేయవచ్చును. ఆ పిండి నుండి మళ్ళీ గింజలు రాబట్టడం సాధ్యం కాదు. అదే విధంగా, ఒక వైపుకు సులభంగా నడచి వెనుకకు నడవని గణితక్రియలు ఉన్నవి. వాటిని హ్యాష్ క్రియలంటారు. పాస్‌వర్డును ఈ తిరగలిలో వేసి వచ్చిన ఫలితాన్ని మాత్రమే సర్వరులో భద్రపరుస్తారు. మరుసటి రోజు వినియోగదారుడు పాస్‌వర్డు చెప్పినప్పుడు దానిని మళ్ళీ విసిరి, రెండు ఫలితాలనూ పోల్చి చూస్తారు. ఒకటే అయితే తలుపు తెరుస్తారు. సర్వరులోని పట్టిక దొంగల పాలైనా వారికి దొరికేది పిండే.

అయితే ఇక్కడ ఒక లోపం ఉన్నది. ఒకే పాస్‌వర్డును ఇద్దరు పెట్టుకుంటే ఇద్దరి ఫలితమూ ఒకటే అవుతుంది. జనం సాధారణంగా పెట్టుకొనే పాస్‌వర్డులను ముందుగానే విసిరి జాబితా వ్రాసి ఉంచుకున్న దొంగకు పని సులువవుతుంది. జనం ఎటువంటివి పెట్టుకుంటారో 2009లో లోకానికి తెలిసింది. రాక్‌యూ అనే అమెరికన్ సంస్థ యథాతథంగా దాచిన సుమారు 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు బయటపడినవి. వాటిలో అత్యధికులు ఎన్నుకున్నది 123456.

ఈ లోపానికి విరుగుడును రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రకటించిన వ్యాసంలో వివరించినారు. ప్రతి మనిషి పాస్‌వర్డుకూ యాదృచ్ఛికంగా ఎన్నిన కొన్ని అక్షరాలను కలిపి, ఆ తరువాత విసరాలి. ఈ అక్షరాలకు వారు పెట్టిన పేరు ఉప్పు! ఒక్కొక్కరి పిండిలో ఒక్కొక్క ఉప్పు పడుతుంది కనుక, ఇద్దరు ఒకే పాస్‌వర్డు పెట్టుకున్నా ఫలితాలు వేరుగా ఉంటవి. ముందుగా వ్రాసుకున్న జాబితా పనికిరాదు. ఉప్పును రహస్యంగా ఉంచవలసిన అవసరం కూడా లేదు. ఫలితం ప్రక్కనే వ్రాసి ఉంచవచ్చును.

ఇంకొక జాగ్రత్త ఉన్నది. తిరగలి మరీ వేగంగా తిరగకూడదు. ఇంగ్లీషు చిన్న అక్షరాలు 26. వాటితో ఏర్పడే 8 అక్షరాల పాస్‌వర్డులు 26ను 8 సార్లు వేసి గుణించినన్ని, అనగా సుమారు 20,882 కోట్లు. సెకనుకు 100 కోట్ల ప్రయత్నాలు చేసే యంత్రం వీటినన్నిటినీ మూడున్నర నిమిషాలలో పరీక్షించి వేస్తుంది. ఒక్కొక్క ప్రయత్నానికి సెకనులో పదవ వంతు పట్టే విధంగా హ్యాష్ క్రియను కల్పిస్తే, అదే పనికి ఒక యంత్రానికి సుమారు 660 ఏండ్లు కావాలి. నిజమైన ఉపాధ్యాయినికి సెకనులో పదవ వంతు ఆలస్యం తెలియనే తెలియదు. 1999లో వెలువడిన బీక్రిప్ట్ మొదలైనవి ఇట్లా కావాలని మందగింపజేసిన క్రియలే.

రెండవ ఘట్టం: చీటీలు రెండు విధాలు

పాస్‌వర్డు సరిపోయింది. ఇక చీటీ ఇవ్వాలి. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పని చేస్తుండిన లూ మాంటులీ కుకీ అనే ఏర్పాటును కల్పించినారు. సర్వరు ఒక చిన్న చీటీని బ్రౌజరుకు ఇస్తుంది. బ్రౌజరు ఆ సర్వరు వద్దకు పోయిన ప్రతిసారీ దానిని చూపుతుంది. ఆ చీటీ మీద ఏమి వ్రాయాలి అన్న దానిని బట్టి పద్ధతులు రెండు.

మొదటిది రిజిస్టరు పద్ధతి. సినిమాహాలు వద్ద సైకిళ్ళ స్టాండులో ఇచ్చే ఇత్తడి బిళ్ళను పాఠకులలో పెద్దలు ఎరుగుదురు. బిళ్ళ మీద ఒక నంబరు తప్ప మరేమీ ఉండదు. వెబ్‌లో కూడా ఎవరూ ఊహించలేనంత పొడవైన ఒక సంఖ్యను చీటీగా ఇచ్చి, ఆ సంఖ్య ఎవరిదో సర్వరు తన రిజిస్టరులో వ్రాసుకుంటుంది. చీటీ వచ్చినప్పుడల్లా రిజిస్టరు తిరగవేస్తుంది. దీనిని సెషను అంటారు.

రెండవది ముద్ర పద్ధతి. రింగు రోడ్డు కార్డు వలె, కావలసిన వివరమంతా చీటీ మీదనే ఉంటుంది: ఈమె గణితోపాధ్యాయిని, తొమ్మిదవ తరగతి, ఉదయం 10 గంటల 15 నిమిషాల వరకు చెల్లును. క్రింద సర్వరు వేసిన ముద్ర. రిజిస్టరుతో పని లేదు. సేవను అందించే సర్వర్లు పది చోట్ల ఉన్నా, ముద్రను పరీక్షించడం తెలిసిన ప్రతి సర్వరూ చీటీని తక్షణం ఆమోదించగలదు. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న జేసన్ వెబ్ టోకెను ఈ జాతికి చెందినది. దాని ప్రమాణం 2015లో వెలువడింది. అందులో మూడు భాగాలుంటవి: ముద్ర ఏ రకమైనదో తెలిపే తల, వివరాలున్న మధ్యభాగం, చివర ముద్ర. మూడింటి మధ్య చుక్కలుంటవి.

ముద్ర వేయుట ఎట్లా?

తరగతి గదిలో చేసి చూపదగిన ఒక చిన్న లెక్కతో ఈ విషయం బోధపడుతుంది. ఉపాధ్యాయుడు 58 అనే సంఖ్యను రహస్యంగా ఉంచుకోవాలి. 27వ నంబరు విద్యార్థికి చీటీ ఇవ్వాలంటే 27ను 58తో గుణించి, లబ్ధాన్ని 97తో భాగించాలి. లబ్ధం 1566; శేషం 14. చీటీ మీద 27 అని వ్రాసి క్రింద 14 అని ముద్ర వేయాలి. విద్యార్థి 27ను 28గా దిద్ది తెచ్చినాడనుకొన్నా పట్టుబడిపోతాడు. 28కి రావలసిన ముద్ర 72. చీటీ మీద ఉన్నది 14.

ఈ లెక్క బోధనకు మాత్రమే. 97 భాజకమని తెలిసిన తెలివైన విద్యార్థి ఒక్క చీటీని ముందుంచుకొని 1 నుండి 96 వరకు ఒక్కొక్క సంఖ్యనూ పరీక్షించి, రహస్యం 58 అని తేల్చివేయగలడు. తరగతిలో ఈ పందెం పెట్టి చూడవచ్చును. నిజమైన టోకెన్లలో చీటీలోని వివరాలను, రహస్యాన్ని కలిపి పైన చెప్పిన హ్యాష్ తిరగలిలో విసురుతారు. 1996లో ప్రకటించిన హెచ్‌మ్యాక్ అనే ఈ పద్ధతిలో రహస్యం 256 బిట్ల పొడవు ఉన్నదనుకుంటే, పరీక్షించవలసిన సంఖ్యలు 96 కావు. వాటి లెక్క వ్రాయడానికి 78 అంకెలు కావాలి. ఎంత వేగంగా పని చేసే యంత్రానికైనా ఇది అసాధ్యం.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ముద్ర దిద్దుబాటును పట్టి ఇస్తుంది, చీటీని దాచిపెట్టదు. పోస్టుకార్డు మీద లక్కముద్ర వేసినంత మాత్రాన దానిలోని వ్రాతను ఇతరులు చదవకుండా ఉంటారా? సాధారణమైన జేసన్ వెబ్ టోకెను మధ్యభాగాన్ని ఎవరైనా విప్పి చదవవచ్చును. కనుక అందులో పాస్‌వర్డుగాని, ఆధార్ సంఖ్యగాని వ్రాయకూడదు.

రెండవది, ఏ ముద్రను ఆశించాలో పరీక్షించే సర్వరే నిర్ణయించుకోవాలి. 2015లో కొన్ని సాఫ్ట్‌వేరులలో ఒక విచిత్రమైన తప్పు బయటపడింది. చీటీ తలభాగంలో ముద్ర లేదు అని వ్రాసి ఉంటే, అవి ఆ మాటను నమ్మి ముద్రను పరీక్షించకుండానే చీటీని ఆమోదించినవి! దొంగ తెచ్చిన కాగితం దొంగను గురించి చెప్పిన సాక్ష్యాన్ని విన్నట్లయింది.

బిళ్ళ ఎవరి చేతిలో ఉంటే...

సైకిళ్ళ స్టాండు కుర్రవాడు బిళ్ళను చూసి సైకిలు ఇస్తాడు, ముఖం చూడడు. బిళ్ళ జారిపోతే సైకిలు పోయినట్లే. టోకెను సంగతి అంతే. అది ఎవరి చేతిలో ఉంటే సర్వరుకు వారే ఆ మనిషి. పాస్‌వర్డు తెలియకపోయినా, దొంగిలించిన టోకెనుతో మార్కులు మార్చవచ్చును.

అందుచేత టోకెను రక్షణకు మూడు ఏర్పాట్లు అవసరం. మొదటిది, దారిలో ఎవరూ చదవకుండా సంభాషణ అంతా రహస్యలిపిలో జరగాలి. చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలైతే ఈ రక్షణ ఉన్నట్లు. అయితే ఆ సేవను నడిపేవారు నిజాయితీపరులని దానికి అర్థం కాదు. రెండవది, చీటీని కుకీలో ఉంచి, పుటలో నడిచే ఏ ప్రోగ్రాముకూ అది కనిపించకుండా చేయాలి. పుటలోకి దొంగ ప్రోగ్రాము ప్రవేశించినా చీటీని ఎత్తుకొనిపోలేదు. ఇట్లా దాచిన కుకీని బ్రౌజరు తనంతట తానే పంపుతుంది కనుక, వేరొక పుట నుండి మోసంగా పుట్టించిన అభ్యర్థనలతో అది పోకుండా నిబంధన కూడా విధించాలి. మూడవది గడువు.

గడువు ఎందుకు? రెండు పద్ధతుల మధ్య అసలు తేడా ఇక్కడనే బయటపడుతుంది. రిజిస్టరు పద్ధతిలో చీటీ పోయిందని తెలియగానే సర్వరు ఆ నంబరును కొట్టివేస్తే సరిపోతుంది. ముద్ర పద్ధతిలో కొట్టివేయడానికి రిజిస్టరే లేదు. ముద్ర సరిగా ఉన్నంతవరకు, గడువు తీరేదాక, చీటీ చెల్లుతూనే ఉంటుంది. ఫోను పోగొట్టుకొన్న ఉపాధ్యాయిని ఇంటికి వచ్చి పాస్‌వర్డు మార్చుకున్నా, ముందుగా జారీ అయిన చీటీ ఆ సంగతి ఎరుగదు. వేగం కోసం రిజిస్టరును వదలుకొన్నందుకు చెల్లించే మూల్యం ఇదే.

దీనికి ఇంజనీర్లు ఒక మధ్యేమార్గాన్ని కనుగొన్నారు. ముద్ర చీటీకి పదిహేను నిమిషాల వంటి స్వల్ప గడువు పెడతారు. దానితోపాటు, కొన్ని రోజులు చెల్లే మరొక చీటీని కూడా ఇస్తారు. దాని పేరు రిఫ్రెష్ టోకెను. ఇది రిజిస్టరులో నమోదై ఉంటుంది. పదిహేను నిమిషాలకొకసారి బ్రౌజరు దీనిని చూపి కొత్త ముద్ర చీటీ పొందుతుంది. దొంగతనం జరిగిందని తెలియగానే రిజిస్టరులో రిఫ్రెష్ టోకెనును కొట్టివేస్తే, ఎక్కువలో ఎక్కువ పదిహేను నిమిషాలలో తలుపులు మూసుకుంటవి. ఫాస్టాగులలో కూడా ఇటువంటి రాజీ కనిపిస్తుంది. అద్దానికి అతికించిన ట్యాగును ద్వారం తక్షణం చదువుతుంది; అయినా చెల్లని ట్యాగుల జాబితా టోలు ద్వారాలకు ఎప్పటికప్పుడు అందుతూనే ఉంటుంది.

ప్రవేశం వేరు, అధికారం వేరు

చీటీ నిజమైనదని తేలినంత మాత్రాన అడిగిన పని అంతా చేసిపెట్టకూడదు. రింగు రోడ్డు ఎక్కిన బండి ఏ ద్వారంలోనైనా దిగవచ్చును. కాని పాఠశాలలో అట్లా కాదు. గణితోపాధ్యాయిని గణితం మార్కులు మార్చవచ్చును, తెలుగు మార్కులు మార్చకూడదు. ఒక తండ్రి తన కుమార్తె పట్టికను చూడవచ్చును, ప్రక్కింటి పిల్లవానిది చూడకూడదు. వచ్చినవారు ఎవరు అన్నది ఒక ప్రశ్న. వారికి ఏమేమి చేసే హక్కు ఉన్నది అన్నది మరొక ప్రశ్న. అనుభవం లేనివారు కట్టిన వెబ్ సేవలలో మొదటి ప్రశ్న అడిగి, రెండవది మరచిపోవడం తరచుగా జరుగుతుంది. అప్పుడు తండ్రి చిరునామాలో 27 అన్న నంబరును 28గా మారిస్తే ఇంకొకరి పట్టిక కనిపిస్తుంది. ముద్ర ఎంత గట్టిదైనా ఈ తప్పును ఆపలేదు. ప్రతి అభ్యర్థన వద్దా రెండు ప్రశ్నలూ వేయవలసిందే.

ఈ జ్ఞానం ఇంజనీర్లకు మాత్రమే చాలదు. ఫోనుకు వచ్చే ఆరంకెల ఓటీపీ కూడా మొదటి ఘట్టానికి చెందిన రుజువే. బ్యాంకు నుండి మాట్లాడుతున్నామని చెప్పి దానిని అడిగేవాడు నిజానికి వేరొక చోట కూర్చొని ఖాతాదారుని పేరుతో లాగిన్ అవుతూ ఉంటాడు. ఓటీపీ కొద్ది నిమిషాలలో చెల్లకుండా పోతుంది. కాని దానితో అతడు సంపాదించే టోకెను చెల్లుతూ ఉంటుంది. ఓటీపీ పాతబడింది కదా, ఇక భయం లేదు అనుకోవడం అందుకే పొరపాటు.

పాఠశాలలో పదిమంది వాడే కంప్యూటరు విషయం కూడా ఇటువంటిదే. మార్కులు నమోదు చేసి, ఆ కిటికీని మాత్రం మూసి లేచి వెళ్ళిన ఉపాధ్యాయుడు తన బిళ్ళను బల్ల మీద వదలి వెళ్ళినట్లే. తరువాత కూర్చున్నవాడు అదే చిరునామా తెరిస్తే, బ్రౌజరు దాచుకున్న చీటీని చూపవచ్చును. సర్వరు అతనిని ఉపాధ్యాయుడనే అనుకుంటుంది. సక్రమంగా కట్టిన సేవలో లాగౌట్ అనే మీట నొక్కినప్పుడు బ్రౌజరు చీటీని చింపివేస్తుంది. సర్వరు తన రిజిస్టరులోని నమోదును కొట్టివేస్తుంది. రింగు రోడ్డు దిగేటప్పుడు కార్డును గుమాస్తాకు తిరిగి ఇచ్చిన తరువాతనే ప్రయాణం ముగిసినట్లు లెక్క. కంప్యూటరు ముందు నుండి లేచేటప్పుడు కూడా అంతే.